47 ఏళ్ళు, కూర్చుని చేసే పని, షుగర్ బోర్డర్: మళ్ళీ బాల్ బ్యాడ్మింటన్ మొదలుపెట్టొచ్చా?

ఉండి_కాలువగట్టు

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున్న కుర్చీలో కూర్చుంటే భోజనానికి లేవడం, మళ్ళీ దీపాలు పెట్టే వేళకి లేవడం. ఈ మధ్య చెకప్ చేయిస్తే హెచ్‌బిఎ1సి (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 6.2, బీపీ 142/90 వచ్చాయి. "ఇది ఇంకా షుగర్ కాదు గానీ దగ్గరికొచ్చేసింది, ఒళ్ళు కదపాలి" అన్నారు డాక్టరు గారు. మందులేమీ రాయలేదు.

మా హైస్కూలు గ్రౌండులో సాయంత్రాలు బాల్ బ్యాడ్మింటన్ ఆడతారు. ఎక్కువమంది నా ఈడువాళ్ళే. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు కావాలి కదా, మనిషి తగ్గినప్పుడల్లా నన్ను రమ్మంటున్నారు. కాలేజీ రోజుల్లో బాగానే ఆడేవాణ్ణి, తరవాత బ్యాటు పట్టలేదు. ఒక్కణ్ణే గట్టు మీద నడవడంకంటే నాకు ఇదే ఇష్టం. ఇంట్లో మాత్రం టెన్షన్ పడుతున్నారు. ఆడుతూ ఆడుతూ పడిపోయినవాళ్ళ వీడియోలు ఫోన్లో చూస్తున్నారు మరి. నడకకంటే ఆటలో నిజంగా ఎక్కువ మేలుందా? గుండె, మోకాళ్ళ సంగతేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజోలు_వాలీబాల్

తప్పకుండా వెళ్ళండి అన్నయ్యా. మా ఊళ్ళో గుడి వెనక కొబ్బరి తోట పక్కన ఇసుక నేల ఉంది. అక్కడ సాయంత్రం వాలీబాల్ ఆడతాం. రొయ్యల చెరువుల వాళ్ళు, ఇద్దరు మాస్టార్లు, ఒక ఆటో అన్నయ్య, మెడికల్ షాపాయన. అందరం నలభై దాటినవాళ్ళమే. ఆరుగురు కుదరకపోతే నలుగురు నలుగురు ఆడేస్తాం. నెట్టు పాడైతే చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే వల ముక్క తెచ్చి కట్టేశాం.

మాలో చాలామందికి జిమ్ములు, నడకలు నిలబడలేదు. ఇది నిలబడింది. కారణం ఒకటే. ఐదున్నరకి మీరు గ్రౌండులో కనపడకపోతే ఐదు ముప్పావుకి ఫోన్ మోగుతుంది. "ఎక్కడున్నారు, మీ వల్ల ఆట ఆగింది" అంటారు. ఒంట్లో బద్ధకంగా ఉన్నా ఆ ఒక్క మాటకి చెప్పులేసుకుని బయలుదేరతాం.

నడకే_మేలు

ఉత్సాహం మంచిదే గానీ అసలు సంగతి చూద్దామండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. జట్టు కట్టి ఆడాలని ఎక్కడా అనలేదు. చురుగ్గా నడిస్తే లెక్క సరిపోతుంది. ఖర్చు లేదు, నలుగురి కోసం చూడక్కర్లేదు, చీలమండ మడతపడదు. పైగా మన వాలీబాల్‌లో సగం సేపు నిలబడటమే కదా. సరదాగా ఆడే వాలీబాల్ శ్రమలో చురుకైన నడక కంటే తక్కువే ఉంటుంది.

పాలకొల్లు_ఫిజియో

నడక గారు చెప్పిన అంకెలు సరైనవే. అదే సూచనలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని మనవాళ్ళు తరచు వదిలేస్తారు. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని కూడా చెయ్యాలి. నడకతో అది తీరదు. ఆటలో కొంత తీరుతుంది, పూర్తిగా కాదు.

ఉండి గారూ, మీ 6.2 దగ్గర మొదలుపెడతాను, అన్నిటికంటే ముఖ్యం అదే. మనం తిన్న అన్నంలోంచి వచ్చిన గ్లూకోజ్‌లో ఎక్కువ భాగం చేరాల్సిన చోటు కండరం. కూర్చుని ఉన్నవాడి కండరం గ్లూకోజ్‌ని లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. ఏళ్ళ తరబడి కదలకుండా, పొట్ట పెరిగాక, ఎంత తట్టినా తలుపు సరిగా తెరుచుకోదు. దాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. కండరం పని చేసేటప్పుడు మాత్రం ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. ఆట ఆపేశాక కూడా ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట బాగా వింటుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వొద్దని షుగర్ ఉన్నవాళ్ళకి చెబుతాం. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు విరగబడి ఆడి వారమంతా కూర్చునేవాళ్ళకి ఈ లాభం మంగళవారానికల్లా పోతుంది.

రెండోది, కండరం పరిమాణం. ముప్ఫై దాటినప్పట్నించి వాడకపోతే పదేళ్ళకి సుమారు 3 నుంచి 8 శాతం కరిగిపోతుంది. గ్లూకోజ్ చేరాల్సిన చోటే చిన్నదైపోతుందన్నమాట. బాల్ బ్యాడ్మింటన్‌లో తటాలున ముందుకి వంగడం, పక్కకి అడుగేసి ఆగడం, మళ్ళీ లేవడం ఉంటాయి. తొడలు, పిక్కలు, పిరుదుల కండరాలు తిన్నగా నడిచేటప్పుడు చెయ్యని పని ఇక్కడ చేస్తాయి. ఒంటికాలి మీద క్షణం నిలదొక్కుకోవడం కూడా ఉంటుంది, పెద్దయ్యాక బాత్రూంలో జారిపడకుండా కాపాడేది అదే. మీరు ఆడబోయే ఆటకి ఇంకో వెసులుబాటుంది. షటిల్ సింగిల్స్‌లో మొత్తం కోర్టు ఒక్కడిదే. ఇక్కడ ఐదుగురు పంచుకుంటారు. కొత్తగా వచ్చినవాణ్ణి తక్కువ పరుగున్న చోట నిలబెట్టొచ్చు.

వాలీబాల్ శ్రమ గురించి నడక గారన్నది నిజం. ఎంత శ్రమ అన్నది మీరెలా ఆడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. గుర్తుపట్టడం సులువు: ఆడుతూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అది ఓ మోస్తరు శ్రమ. రెండు మాటలకే ఆయాసమొస్తే గట్టి శ్రమ.

అంబాజీపేట_టు_లండన్

ఇక్కడ వాకింగ్ ఫుట్‌బాల్ అని ఉంది. 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలైంది, యాభై దాటినవాళ్ళ కోసం. పరిగెత్తకూడదు, పరిగెత్తితే ఫౌల్. నేను మా పేటలో ఆడతాను, డెబ్బై ఏళ్ళాయన గోల్ కొట్టినప్పుడు చూడాలి ఆ కేకలు. మన ఊళ్ళలో కూడా ఆటనే వయసుకి తగ్గట్టు మార్చుకుంటే ఎవరూ మానక్కర్లేదు. వాలీబాల్‌లో మగవాళ్ళ నెట్టు 2.43 మీటర్లు. దాన్ని ఆడవాళ్ళ ఎత్తు 2.24కి దించేస్తే ఎగిరి పడటం తగ్గుతుంది, భుజాలకి, మోకాళ్ళకి హాయి.

రాజోలు_వాలీబాల్

నెట్టు దించే మాట చాలా బాగుందండి. రేపే మావాళ్ళకి చెబుతాను.

తణుకు_టీచరమ్మ

చర్చంతా మగవాళ్ళ గ్రౌండు గురించే నడుస్తోంది కాబట్టి నేనూ ఒక మాట చెప్పాలి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదు. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఇంటి పనంతా చేసే మనకి ఇదేంటి అనుకుంటాం. కానీ పొయ్యి దగ్గర నిలబడటం, గిన్నెలు తోమడం అలసట ఇస్తాయే తప్ప గుండెని ఆయాసపెట్టవు.

మేం పది పన్నెండు మందిమి, టీచర్లం, అంగన్‌వాడీ వాళ్ళు, ఇంట్లో ఉండేవాళ్ళు, టెన్నికాయిట్ ఆడుతున్నాం. అదేనండి, రబ్బరు రింగు ఆట. చిన్నప్పుడు స్కూల్లో ఆడనివాళ్ళు మనలో ఎవరున్నారు? రింగుకి పెద్ద ఖర్చు లేదు, పంజాబీ డ్రెస్‌లో ఆడొచ్చు. ఇంటి పెరట్లో కూడా కోర్టు గీసుకోవచ్చు. మేం ముగ్గుతోనే గీస్తాం. త్రోబాల్ కూడా కొన్నాళ్ళు ఆడాం.

మాకు అడ్డొచ్చింది ఒళ్ళు కాదు, చోటూ వేళా. మేం అడిగిన ఒక స్కూల్లో సాయంత్రం గ్రౌండు మగపిల్లల క్రికెట్‌కే అన్నారు, పొద్దున్న గేటు తాళం తియ్యం అన్నారు. సాయంత్రం ఆరంటే ఇంట్లో టీ, టిఫిను, పిల్లల హోంవర్కు. చివరికి పొద్దున్న ఐదున్నర కుదిరింది, అది కూడా ఇంట్లో మగవాళ్ళు పాలు కాచి పిల్లల్ని లేపడానికి ఒప్పుకున్నాక. ఇక్కడున్న అన్నయ్యలు, తమ్ముళ్ళు అందరికీ నా విన్నపం ఒక్కటే. మీరు ఆటకి వెళ్ళినట్టే మీ ఇంటావిడ కూడా వెళ్ళేలా ఆ ఒక్క గంట ఇల్లు మీరు చూసుకోండి. నలభై ఐదు దాటి నెలసరి ఆగే రోజుల్లో ఎముకల పటుత్వం వేగంగా తగ్గుతుంది. ఎగరడం, అడుగులు వెయ్యడం లాంటి బరువు పడే కదలికే ఎముకకి కావాలి. ఆ వయసులోనే మనవాళ్ళు పూర్తిగా కూర్చుండిపోతున్నారు, నా బాధ అదే.

ఆచంట_ఆక్వా

టీచరమ్మ గారి మాట మా ఇంట్లో చదివి వినిపించానండి. మా ఆవిడ వివరాలు అడుగుతోంది, ఆ రింగు తణుకులో ఏ షాపులో దొరుకుతుందో చెప్పండి.

నాకో అనుమానం. నాకు షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. షటిల్ ఆడుతుంటే ఒకసారి చేతులు వణికి చెమటలు పట్టాయి. ఆట మానెయ్యమంటారా?

తణుకు_టీచరమ్మ

స్పోర్ట్స్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుందండి. టెన్నికాయిట్ రింగు అని అడగండి. గట్టిది కాకుండా మెత్తటి రబ్బరుది తీసుకోండి, వేళ్ళకి దెబ్బ తగలదు.

అమలాపురం_పాత_డాక్టరు

ఆచంట గారూ, ఆట మానక్కర్లేదు, కానీ మీ డాక్టరుకి ఈ సంగతి వెంటనే చెప్పండి. మీరు చెప్పినవి షుగర్ పడిపోయినప్పటి లక్షణాలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే ఇలా జరగడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఆడేటప్పుడు, ఆడాక కూడా పడిపోవచ్చు. మోతాదు, వేళ మార్చాలేమో ఆయన చూస్తారు, మీరు సొంతంగా మార్చొద్దు. ఆటకి ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 90కి తక్కువుంటే ఏదైనా తిని దిగండి. జేబులో పంచదార పొట్లం ఉండాలి. వణుకు రాగానే ఆట ఆపి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటాగి మళ్ళీ పరీక్ష చేసుకోవాలి. ఇది మీతో ఆడేవాళ్ళందరికీ తెలిసుండాలి.

ఇక ఉండి గారి ఇంట్లోవాళ్ళ భయం. అది ఊరికే పుట్టిన భయం కాదు, కాబట్టి తీసిపారెయ్యను. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన వచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్ళని, దానికి ముందు గంటలో ఏం చేశారని అడిగారు. మామూలుగా కదలని మనిషి ఒక్కసారిగా గట్టి శ్రమ చేస్తే ఆ గంటలో గుండెపోటు అవకాశం 100 రెట్లకు పైగా పెరిగింది. వారానికి ఐదారు సార్లు శ్రమ చేసే అలవాటున్నవాళ్ళలో పెరిగింది రెండున్నర రెట్ల లోపే. ఒక మనిషికి ఏదో ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం అసలే చాలా చిన్నది కాబట్టి 100 రెట్లన్న మాటకి హడలిపోవద్దు. కానీ అందులో చెయ్యాల్సింది స్పష్టంగా ఉంది. అపాయం ఆటలో లేదు, అలవాటు లేని ఒంటిని హఠాత్తుగా పరిగెత్తించడంలో ఉంది. మెల్లగా అలవాటు చేసిన కొద్దీ ఆ అపాయం తగ్గుతూ వస్తుంది.

దిగే ముందు ఒకసారి బీపీ, షుగర్, కొలెస్టరాల్, ఈసీజీ చూపించుకుని మీ డాక్టరుతో మాట్లాడండి. సిగరెట్ అలవాటున్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్ళున్నా ఆ సంగతి దాచకుండా చెప్పండి. మీ 142/90తో ఆడొచ్చు. కూర్చుని ఉండగానే పై అంకె 180 గానీ, కింది అంకె 110 గానీ దాటుతుంటే అది అదుపులోకి వచ్చేదాకా ఆట వద్దు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి గానీ దవడ గానీ లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్ళు తిరగడం వస్తే గ్యాస్ అని సోడా తాగి మళ్ళీ దిగకండి. అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం తగ్గిన మర్నాడే ఆటకి రావడం కూడా మంచిది కాదు.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. వాటివల్ల శ్రమకి తగ్గట్టు గుండె వేగం పెరగదు, వాచీ చూపించే అంకెని నమ్మొద్దు. ఫిజియో గారు చెప్పిన మాట, పాట పద్ధతే మీకు సరైంది.

నడకే_మేలు

డాక్టరు గారి మాటలకి ధన్యవాదాలు. నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. కోపెన్‌హేగన్ పరిశీలన అని వాట్సాప్‌లో తిరుగుతోంది. కదలనివాళ్ళతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ళు 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ 6.2, ఫుట్‌బాల్ 4.7, జాగింగ్ చేసేవాళ్ళు 3.2 ఏళ్ళు ఎక్కువ బతికారని. అది 2018లో వచ్చింది, సుమారు 25 ఏళ్ళు గమనించారు, అంతవరకు నిజం. కానీ టెన్నిస్ ఆడేవాళ్ళు ఎవరు? డబ్బూ తీరికా ఉన్నవాళ్ళు. వాళ్ళు ఎక్కువ బతకడం ఆట వల్లా, డబ్బు వల్లా?

పాలకొల్లు_ఫిజియో

మంచి ప్రశ్న వేశారండి. ఆ పరిశీలన చేసినవాళ్ళు కూడా ఆట వల్లే ఆయుష్షు పెరిగిందని తేల్చలేమన్నారు. చదువూ ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నారు గానీ అన్నీ పూర్తిగా విడదియ్యడం ఎవరి తరమూ కాదు. అందుకే నేను ఆ అంకెలు పట్టుకుని ఎవరికీ మాటివ్వను.

దానికంటే నాకు నమ్మకం కలిగించింది డెన్మార్క్‌లోనే పీటర్ క్రుస్ట్రుప్, యెన్స్ బాంగ్స్‌బో బృందం చేసిన పని. అక్కడ మనుషుల్ని గుంపులుగా విడదీసి, ఆట అలవాటు లేనివాళ్ళ చేత వారానికి రెండు మూడుసార్లు సుమారు గంటసేపు చిన్న జట్లుగా ఫుట్‌బాల్ ఆడించారు. బీపీ తగ్గింది, కొవ్వు తగ్గింది, శ్రమలో ఒళ్ళు ఆక్సిజన్ వాడుకునే శక్తి పెరిగింది, బీపీ ఉన్న నడివయసు మగవాళ్ళలో కూడా. పరుగు పెట్టినవాళ్ళతో పోలిస్తే ఆడినవాళ్ళకి అదే శ్రమ తక్కువగా అనిపించింది. ధ్యాసంతా బంతి మీద ఉంటుంది కదా. ఆడవాళ్ళ బృందాలతో మాట్లాడినప్పుడు తేలింది రాజోలు గారు మొదట చెప్పిందే: మనం వెళ్ళకపోతే జట్టుకి లోటు అన్న ఆలోచన వాళ్ళని రప్పించింది.

మీ నడకని తక్కువ చెయ్యడం లేదు. మీరు రోజూ నడుస్తున్నారు కాబట్టి మీకు అదే మేలు. నడక నిలవనివాళ్ళకి మాత్రం నిలబడే దారి కావాలి.

అంబాజీపేట_టు_లండన్

ఇంకోటి గుర్తొచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పందేల కుర్రాళ్ళ మీద ఒక పరీక్ష చేశారు. అదే శ్రమ ఒక్కరే చేసినప్పటికంటే అందరూ కలిసి ఒకే ఊపులో తెడ్లు వేసినప్పుడు నొప్పి తట్టుకునే శక్తి ఎక్కువగా ఉంది. ఒంట్లో ఎండార్ఫిన్లు, అంటే నొప్పి తెలియకుండా చేసే రసాయనాలు, ఎక్కువ ఊరడం వల్ల కావచ్చన్నారు. పన్నెండు మంది మీదే చేశారు, చిన్న పరీక్షే. కానీ సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు చూసినవాళ్ళకి అది ఆశ్చర్యమనిపించదు. రేవు చేరాక వాళ్ళ మొహాలు చూడండి.

నడకే_మేలు

సరేనండి, ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. నిలబడటం అన్నదే అసలు విషయమైతే మీ వాదనలో బలముంది. మా నడక జట్టు ముగ్గురమూ ఒకళ్ళకోసం ఒకళ్ళం వెళ్ళేవాళ్ళమే.

రాజోలు_వాలీబాల్

మనసు సంగతి కూడా రాయాలనిపించింది. మా రొయ్యల వాళ్ళకి రేటు పడిపోయినా, చెరువులో జబ్బు తగిలినా రాత్రి నిద్రుండదు. కిందటేడు ఒకాయన చెరువు మొత్తం పోయింది. ఇల్లు కదల్లేదు. నలుగురం వెళ్ళి, డబ్బుల మాటెత్తకుండా "ఆట ఉంది, రండి" అన్నాం. మొదట గట్టు మీద కూర్చుని చూసేవాడు, తరవాత ఆడాడు. ఆట వల్ల అప్పు తీరదు. కానీ రోజుకో గంట ఆ లెక్క బుర్రలో తిరగదు, ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది అని ఆయనే చెప్పాడు.

ఇంకో మాట. ఆట అయ్యాక తిన్నగా బజ్జీల బండి దగ్గరికి వెళ్ళే అలవాటు చేసుకోకండి. గంటాడి ఖర్చు చేసింది అక్కడ ఒక్క ప్లేటుతో తిరిగొచ్చేస్తుంది. మేం మజ్జిగ తాగి ఇంటికెళ్ళిపోతాం.

ఉండి_కాలువగట్టు

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాశారు, ఏమని చెప్పను. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. వచ్చే వారం ఈసీజీ తీయించుకుని, డాక్టరు గారు సరేనంటే దిగుతాను. ఫిజియో గారూ, మొదటి రోజుల్లో ఎలా ఆడాలి? ఎండలు, వానల్లో ఏం చెయ్యాలి? షూస్ ఏవి కొనాలి? నా దగ్గర నడకకి కొన్న మెత్తటి షూస్ ఉన్నాయి.

పాలకొల్లు_ఫిజియో

మొదటి రెండు మూడు వారాలు ఒక గేమ్ ఆడి, ఒక గేమ్ కూర్చోండి. రోజు విడిచి రోజు చాలు, మిగతా రోజుల్లో నడవండి. పాయింట్లు లెక్కపెట్టకుండా ఆడమని మీవాళ్ళకి చెప్పండి, పోటీ పెరిగితే మన వయసు మనకి గుర్తుండదు. దిగే ముందు పది నిమిషాలు నడక, మెల్లటి పరుగు, పక్కకి అడుగులు, భుజాలు తిప్పడం. ఆపేటప్పుడు కూడా హఠాత్తుగా కూలబడకుండా కాసేపు నడవాలి.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మడమ వెనక నరం, అదే అకిలిస్ టెండన్, తెగినవాళ్ళు. ముప్ఫై నుంచి యాభై మధ్య మగవాళ్ళు, ఎప్పుడో ఒకసారి వచ్చి షటిల్‌కి ఎగిరినవాళ్ళు. "ఎవరో వెనకనుంచి తన్నినట్టుంది" అంటారు. దానికి మందు ముందే ఉంది. ఈ రోజునుంచే మెట్టు అంచు మీద నిలబడి మడమలు పైకెత్తి మెల్లగా దించండి, రోజూ. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కూడా చెయ్యండి. మోకాలికి తొడ కండరమే కాపు. మీకు ఇప్పటికే మోకాలు వాచి ఉంటే చూపించుకున్నాకే ఆట.

ఏప్రిల్, మే నెలల్లో మన డెల్టాలో చెమట పడుతుందే గానీ గాలిలో తేమ వల్ల ఆరదు, ఒళ్ళు చల్లబడదు. పొద్దున్న ఏడులోపే ముగించండి, లేదా పొద్దుపోయాకే దిగండి. గంట ఆటకి మంచినీళ్ళు చాలు. బీపీ ఉంది కాబట్టి మజ్జిగలో ఉప్పు తగ్గించండి. వాన పడ్డ మర్నాడు మన ఒండ్రుమట్టి గ్రౌండు సబ్బులా జారుతుంది, ఆ రోజు ఆట వద్దు. అసలు తడిస్తే ఉన్ని బంతి బరువెక్కి మణికట్టు మీద పడుతుంది. శీతాకాలం పొద్దున్న మంచుకి కూడా అంతే.

అమలాపురం_పాత_డాక్టరు

దీనికొకటి కలపండి. గ్రౌండులో కనీసం ఇద్దరికి సీపీఆర్ వచ్చి ఉండాలి. మనిషి కూలిపోయి పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తియ్యకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ నడిమధ్య రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాలి. 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఆంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. నీళ్ళు తాగించడం, చుట్టూ మూగడం వద్దు. మీ ఊరు పిలిస్తే నేనొచ్చి నేర్పుతాను, ఒక పూట చాలు.

ఉండి_కాలువగట్టు

తప్పకుండా పిలుస్తామండి. మా గ్రౌండు వాళ్ళందరితో మాట్లాడి ఇక్కడే తేదీ రాస్తాను. ఫిజియో గారూ, షూస్ సంగతి మిగిలిపోయింది.

పాలకొల్లు_ఫిజియో

నడక షూస్ వద్దండి. మడమ దగ్గర ఎత్తుగా, మెత్తగా ఉంటాయి. ముందుకి నడవడానికి బాగుంటాయి గానీ పక్కకి తిరిగినప్పుడు చీలమండ మడతపడుతుంది. అడుగు చదునుగా, ఎత్తు తక్కువగా ఉండే బ్యాడ్మింటన్ షూస్ తీసుకోండి, మట్టి గ్రౌండు కాబట్టి అడుగున గాళ్ళు బాగా ఉన్నవి. సాయంత్రం పూట వెళ్ళి, ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళే వేసుకుని కొలుచుకోండి. ఆ వేళకి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.